పని చేసిపెట్టలేదు, పని నేర్పింది – దుర్గాబాయి దేశ్‌ముఖ్ జీవితం



ఈ పుస్తకంలో ముందు పేజీల్లో పొదుపు లెక్కలు, అప్పుల లెక్కలు చూసి ఉంటారు. ఆ అంకెల వెనక మనందరికీ తెలిసిన సంగతి ఒకటుంది. మన సంఘాలన్నిటికీ నియమాలు ఒక్కటే, బ్యాంకూ ఒక్కటే. అయినా ఒక సంఘంలో సభ్యులు పని మానుకుని మరీ మీటింగుకి వస్తారు. ఇంకో సంఘంలో లోను వచ్చిన రోజు అందరూ కనబడతారు, తర్వాత నెల నుంచి పిల్లల చేత డబ్బులు పంపించేస్తారు. ఈ తేడా ఎక్కడి నుంచి వస్తోంది? అడిగితే సభ్యులదే తప్పని లీడర్లు అంటారు. లీడర్ల దగ్గరే ఉందని సభ్యులంటారు.

ముందు నడిచే మనిషి మనల్ని ఎలా చూస్తుంది, మనకి ఏం నేర్పుతుంది అన్న దాని మీదే వెనక నడిచేవాళ్ల ఉత్సాహం చాలావరకు ఆధారపడుతుంది. ఇది బాగా తెలుసుకోవాలంటే మన తెలుగు గడ్డ మీద పుట్టిన దుర్గాబాయి దేశ్‌ముఖ్ జీవితం చదవాలి. పేరు చాలామంది విన్నదే. హైదరాబాదులో ఆవిడ పేరు మీద ఆసుపత్రి ఉంది. కానీ ఆవిడ పనిచేసిన పద్ధతి గురించి మనం తక్కువ మాట్లాడుకుంటాం. ఈసారి ఆ పద్ధతే చూద్దాం.

కాకినాడ పిల్ల

దుర్గాబాయి 1909 జులై 15న రాజమండ్రిలో పుట్టారు. పెరిగింది ఎక్కువగా కాకినాడలో. తండ్రి రామారావు, తల్లి కృష్ణవేణమ్మ. ఆ రోజుల్లో చిన్నపిల్లలకే పెళ్లిళ్లు చేసేవారు. దుర్గకి కూడా ఎనిమిదేళ్లకే, జమీందారీ కుటుంబానికి చెందిన అబ్బాయితో పెళ్లి చేసేశారు. ఊహ తెలిసి, కాపురానికి వెళ్లాల్సిన వయసు వచ్చేసరికి ఆ పెళ్లి తనకి వద్దని ఆవిడ తెగేసి చెప్పారు. అతన్ని వేరే పెళ్లి చేసుకోమన్నారు. పుట్టింటివాళ్లు ఆవిడ పక్కన నిలబడ్డారు. వంద ఏళ్ల కిందట ఒక ఆడపిల్లకి అలా ఇంటివాళ్ల అండ దొరకడం చిన్న విషయం కాదు.

బడిలో ఇంగ్లీషులోనే చదవాలని రుద్దడం నచ్చక చిన్నతనంలోనే బడి మానేశారు. ఊరికే కూర్చోలేదు. హిందీ నేర్చుకున్నారు. నేర్చుకున్నది తన దగ్గరే దాచుకోకుండా, ఆడపిల్లల కోసం ఒక హిందీ పాఠశాల పెట్టారు. అప్పటికి ఆవిడే ఇంకా పిల్ల. తనకన్నా పెద్దవాళ్లు కూడా వచ్చి ఆ పిల్ల దగ్గర అక్షరాలు దిద్దుకున్నారు.

ఈ అలవాటు ఆవిడకి చివరిదాకా పోలేదు. తనకి ఏది వచ్చినా వెంటనే పక్కవాళ్లకి నేర్పేయడమే. మన సంఘాల్లో కొంతమంది బ్యాంకు పని నేర్చుకుంటారు, ఇంకెవరికీ నేర్పరు. ఇంకొకరికి వస్తే తన అవసరం తీరిపోతుందని భయం. దుర్గాబాయికి ఆ భయం ఉండేది కాదు.

ఎవరూ పిలవని ఆడవాళ్ల సభ

1921లో గాంధీగారు కాకినాడ వస్తున్నారని తెలిసింది. ఊళ్లో పెద్ద సభ. మగవాళ్లు వెళ్తారు, పెద్దిళ్ల ఆడవాళ్లు కొందరు వెళ్తారు. దేవదాసీ కుటుంబాల ఆడవాళ్లూ, పరదా చాటున ఉండే ముస్లిం ఆడవాళ్లూ మాత్రం ఆ సభకి రాలేరు. వాళ్లని పిలిచేవాళ్లు కూడా లేరు. దుర్గకి పన్నెండేళ్లు కూడా నిండలేదు. ఆ పిల్ల మనసు వీళ్ల మీదే పడింది. గాంధీగారు వీళ్లని విడిగా కలవాలని పట్టుబట్టింది.

నిర్వాహకులు ఒక షరతు పెట్టారు. ఐదు వేల రూపాయల నిధి ఇస్తే కాసేపు సమయం ఇప్పిస్తామన్నారు. ఆ కాలంలో ఐదు వేలంటే ఎంత పెద్ద మొత్తమో ఆలోచించండి. ఇంకెవరైనా అయితే ఊళ్లో షావుకార్ల ఇళ్ల చుట్టూ తిరిగేవారు, లేదా ఇది అయ్యే పని కాదని వదిలేసేవారు. దుర్గ ఆ ఆడవాళ్ల దగ్గరికే వెళ్లింది. వాళ్లు తోడు నిలిచారు. డబ్బు సమకూరింది. సభ జరిగింది. ఇచ్చిన సమయం కొన్ని నిమిషాలే అయినా గాంధీగారు అంతకన్నా చాలాసేపు ఉన్నారు. ఆ ఆడవాళ్లు ఒంటిమీది నగలు తీసి ఇచ్చారు. గాంధీగారు హిందీలో మాట్లాడుతుంటే దుర్గ తెలుగులో చెప్పింది. ఆ తర్వాత ఊరి పెద్ద సభలో కూడా ఆ పిల్ల చేతే తెలుగు చెప్పించారు.

ఇందులో మనం గమనించాల్సింది ఒకటుంది. ఊరంతా తక్కువగా చూసిన ఆడవాళ్లని ఆ పిల్ల జాలిగా చూడలేదు. సాయం పుచ్చుకునేవాళ్లలా చూడలేదు. సాయం చేయగలిగినవాళ్లలా చూసింది. నీ వల్ల ఈ పని అవుతుంది, రా, అని పిలిస్తే మనిషిలో వచ్చే బలం వేరు. పాపం, నీకు నేను చేసిపెడతాలే అంటే ఆ పూటకి సంతోషం కలుగుతుంది. మర్నాడు ఆ మనిషి మళ్లీ చెయ్యి చాచుకుని నిలబడుతుంది.

టిక్కెట్టు లేనిదే లోపలికి లేదు

1923లో కాకినాడలో కాంగ్రెసు మహాసభలు జరిగాయి. అక్కడ ఖద్దరు ప్రదర్శన పెట్టారు. గేటు దగ్గర టిక్కెట్లు చూసే పని దుర్గాబాయికి అప్పగించారు. టిక్కెట్టు లేకుండా ఎవరినీ లోపలికి పంపకూడదని చెప్పారు. అంతలో జవహర్‌లాల్ నెహ్రూ వచ్చారు. ఆయన దగ్గర టిక్కెట్టు లేదు. ఆ అమ్మాయి ఆపేసింది. అంత పెద్దమనిషిని ఆపావేమిటని నిర్వాహకులు కంగారుపడ్డారు. ఆవిడ మాత్రం తనకి చెప్పిన నియమం ప్రకారమే నడిచింది. చివరికి టిక్కెట్టు కొని తెచ్చాకే లోపలికి పంపింది. నెహ్రూగారు కోపం తెచ్చుకోలేదు, ఆ అమ్మాయి పట్టుదలని మెచ్చుకున్నారు.

ఇది చాలామందికి తెలిసిన కథే. పిల్ల ధైర్యం గురించి చెప్పి వదిలేస్తుంటారు. అందులో మన సంఘాలకి పనికొచ్చే ముక్క ఇంకొకటుంది. నియమం పెద్దవాళ్లకి ఒకలా, చిన్నవాళ్లకి ఒకలా ఉంటే, దాని మీద ఎవరికీ గౌరవం ఉండదు. మీటింగుకి ఆలస్యంగా వస్తే జరిమానా అని తీర్మానం రాసుకుంటాం. మామూలు సభ్యురాలు ఆలస్యమైతే పది రూపాయలు వసూలు చేస్తాం. లీడరమ్మ తోడికోడలు ఆలస్యమైతే పోనీలే అంటాం. ఆ రోజు మాట్లాడకుండా ఊరుకున్న సభ్యులు తర్వాత నెలలో కిస్తీ దగ్గర తమ కోపం చూపిస్తారు. బాకీలు పేరుకున్న చోట ఒక్కసారి ఈ సంగతి కూడా వెతికి చూడండి.

జైలు నేర్పిన పాఠం

1930లో ఉప్పు సత్యాగ్రహం వచ్చింది. దుర్గాబాయి మద్రాసులో ముందు నిలబడి నడిపించారు. 1930, 1933 మధ్య మూడుసార్లు జైలుకి వెళ్లారు. వెల్లూరులో ఉన్నారు, మధుర జైల్లో ఒంటరి గదిలో కూడా ఉన్నారు. ఆరోగ్యం బాగా దెబ్బతింది.

అయితే ఆ జైల్లోనే ఆవిడ బతుకు మలుపు తిరిగింది. అక్కడ రకరకాల నేరాల మీద శిక్ష పడిన ఆడవాళ్లు కనబడ్డారు. వాళ్ల కథలు వింటే చదువు లేక, చట్టం తెలియక, తమ తరఫున చెప్పుకునేవాళ్లు లేక అక్కడికి చేరినవాళ్లు ఎంతోమంది. వాళ్లకి సాయం చేయాలంటే జాలి ఒక్కటే చాలదని, తనకే చట్టం తెలియాలని ఆవిడకి అర్థమైంది. విడుదలయ్యాక ఉద్యమం పక్కన పెట్టి చదువు మొదలుపెట్టారు. అప్పటికే దేశమంతా పేరున్న మనిషి. ఇరవై ఏళ్లు దాటాక పుస్తకాలు పట్టుకుని మెట్రిక్ పరీక్షకి కూర్చోవడం నామోషీ అనుకోలేదు. కాశీ విశ్వవిద్యాలయం మెట్రిక్ పరీక్ష పాసయ్యారు. తర్వాత వాల్తేరులో ఆంధ్రా యూనివర్సిటీలో రాజనీతి శాస్త్రం చదివారు. ఆపైన మద్రాసులో లా చదివి 1942లో వకీలయ్యారు.

తనకి తెలియనిది తెలియదని ఒప్పుకుని నేర్చుకునే నాయకురాలిని చూస్తే, వెనకున్నవాళ్లకి కూడా నేర్చుకోవాలనిపిస్తుంది. అన్నీ నాకు తెలుసనే మనిషి ముందు ఎవరూ నోరు విప్పి సందేహం అడగరు.

హాస్టలు లేకపోతే

వాల్తేరులో సీటు అడిగినప్పుడు ఒక చిక్కు వచ్చింది. అప్పట్లో అక్కడ ఆడపిల్లలకి హాస్టలు లేదు. అందుకని చేర్చుకోవడం కుదరదని వైస్ ఛాన్సలర్ సి.ఆర్. రెడ్డిగారు చెప్పారు. దుర్గాబాయి తన ఒక్కదానికి ఏదో ఇంట్లో గది చూసుకుంటానని బతిమాలి ఉంటే పని అయిపోయేదేమో. ఆవిడ అలా చేయలేదు. వాల్తేరులో చదవాలనుకుని హాస్టలు లేక ఆగిపోయిన ఆడపిల్లలు ఎవరైనా ఉంటే రమ్మని పత్రికలో ప్రకటన ఇచ్చారు. పది మంది దాకా వచ్చారు. వాళ్లంతా కలిసి తామే హాస్టలు నడుపుకున్నారు. ఆవిడకీ సీటు వచ్చింది, వాళ్లకీ వచ్చింది.

మనం సంఘంలో ఎందుకు కూర్చుంటున్నామో ఈ ఒక్క సంగతి చెబుతుంది. ఒంటరిగా అడిగితే కాదన్న తలుపే పది మంది కలిసి తడితే తెరుచుకుంది. దారి తెరిచిన మనిషి తను ఒక్కతే లోపలికి పోయి తలుపు వేసుకోలేదు.

ఆంధ్ర మహిళా సభ

మద్రాసులో ఉన్నప్పుడు దుర్గాబాయి చిన్న ఆడపిల్లల్ని పోగుచేసి హిందీ నేర్పుతూ, ఆటపాటలు చేయిస్తూ ఒక చిన్న బృందం నడిపారు. అదే పెరిగి 1937లో ఆంధ్ర మహిళా సభ అయింది. అక్కడికి వచ్చిన ఆడవాళ్లలో చిన్నతనంలోనే భర్త పోయినవాళ్లున్నారు, భర్త వదిలేసినవాళ్లున్నారు, చదువు మధ్యలో ఆగిపోయినవాళ్లున్నారు.

వాళ్లకి ఒక పూట అన్నం పెట్టి, ఒక చీర ఇచ్చి పంపితే దాతృత్వం అనిపించుకునేది. దుర్గాబాయి వాళ్లని పరీక్షకి కూర్చోబెట్టారు. తను ఏ కాశీ మెట్రిక్ పరీక్ష రాసి పైకొచ్చారో, అదే పరీక్షకి వాళ్లని తయారుచేశారు. చదువు పూర్తయినవాళ్లు టీచర్లుగా, నర్సులుగా వెళ్లే దారి ఏర్పడింది. సభ పెరిగేకొద్దీ ఆసుపత్రి, నర్సుల శిక్షణ, చేతిపనుల శిక్షణ వచ్చాయి. తర్వాత హైదరాబాదులో కూడా బడులు, కాలేజీలు, ఆసుపత్రి పెట్టారు. ఆడవాళ్ల కోసం ఆంధ్ర మహిళ అనే పత్రిక కూడా నడిపారు.

సభకి వచ్చినవాళ్లకి ఉత్సాహం ఎక్కడి నుంచి వచ్చిందో అర్థం చేసుకోవడం కష్టం కాదు. ఎదురుగా ఉన్న మనిషి తమలాగే చిన్నతనంలో పెళ్లయి, బడి మానేసి, ఆలస్యంగా చదువుకుని వకీలైంది. ఆవిడ నడిచిన దారే తమకీ చూపిస్తోంది. నాకు సాధ్యమైంది నీకూ సాధ్యమేనని నమ్ముతోంది. పైపెచ్చు ఆ నమ్మకం మాటలతో ఆగలేదు. పుస్తకం, పాఠం, పరీక్ష, తేదీ అన్నీ చేతిలో పెట్టింది. నమ్మకం ఉండి నేర్పే పద్ధతి లేకపోతే అది ఉత్త ఉపన్యాసం అవుతుంది. పద్ధతి ఉండి నమ్మకం లేకపోతే అది బెత్తం పట్టిన బడి అవుతుంది. ఆవిడ దగ్గర రెండూ ఉన్నాయి.

ఢిల్లీలో

1946లో దుర్గాబాయి రాజ్యాంగ సభలో సభ్యురాలయ్యారు. మొత్తం సభలో ఆడవాళ్లు పదిహేను మంది. సభని నడిపే అధ్యక్షుల ప్యానెల్‌లో ఉన్న ఒకే ఒక్క మహిళ దుర్గాబాయి. ఆడవాళ్లకి ఆస్తి హక్కు ఉండాలని గట్టిగా వాదించారు. రాజ్యసభ సభ్యత్వానికి కనీస వయసు ముప్పై ఐదు ఏళ్లని ముసాయిదాలో ఉంటే, ముప్పైకి తగ్గించాలని సవరణ తెచ్చింది ఆవిడే. ఇప్పటికీ ముప్పయ్యే అమల్లో ఉంది. చిన్నవాళ్లకి బాధ్యత ఇస్తే పాడుచేస్తారని కాదు, ఇస్తేనే నేర్చుకుంటారని నమ్మిన మనిషి.

1952 ఎన్నికల్లో ఓడిపోయారు. అంతటితో ఇంట్లో కూర్చోలేదు. నెహ్రూగారు ఆవిడని ప్రణాళికా సంఘంలోకి తీసుకున్నారు. 1953 జనవరిలో అప్పటి ఆర్థిక మంత్రి సి.డి. దేశ్‌ముఖ్‌ని పెళ్లి చేసుకున్నారు. ఆయన రిజర్వు బ్యాంకుకి మొదటి భారతీయ గవర్నరుగా చేసినవారు.

అదే సంవత్సరం ఆగస్టులో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు ఏర్పడింది. దుర్గాబాయి మొదటి అధ్యక్షురాలు. మొదటి పంచవర్ష ప్రణాళికలో ఆ బోర్డుకి నాలుగు కోట్ల రూపాయలు కేటాయించారు. ఆ డబ్బంతా అధికారుల చేతుల మీదుగా పంచేయవచ్చు. ఆవిడ అందుకు ఒప్పుకోలేదు. ఊళ్లలో, పట్నాల్లో అప్పటికే పనిచేస్తున్న స్వచ్ఛంద సంస్థలకి నిధులు అందేలా చూశారు. రాష్ట్రాల్లో కూడా బోర్డులు పెట్టించి, వాటికి మహిళల్నే అధ్యక్షులుగా ఉంచారు. పల్లెటూళ్ల కోసం పాతికేసి ఊళ్లకి ఒక సంక్షేమ పథకం మొదలుపెట్టారు. బాల్వాడీ, కాన్పుల సాయం, అక్షరాలు, చేతిపనులు అందులో ఉండేవి. వాటిని నడపడానికి స్థానిక ఆడవాళ్లతో కమిటీలు వేశారు. తర్వాత సంవత్సరాల్లో ఆ కేంద్రాల్ని ఊళ్లలోని మహిళా మండళ్లకి అప్పగించే పద్ధతి వచ్చింది. మనం ఈనాడు చూస్తున్న ఆడవాళ్ల సంఘాలకి ఆ మహిళా మండళ్లు ముందు తరం లాంటివి.

అర్హత తగ్గించలేదు, మనిషిని పెంచింది

అప్పట్లో పల్లెల్లో పనిచేయడానికి గ్రామసేవికలు, నర్సులు, టీచర్లు కావాల్సి వచ్చింది. ఊళ్లలో చదువుకున్న ఆడవాళ్లు దొరకలేదు. పట్నం నుంచి తెస్తే ఊళ్లో ఉండేవాళ్లు కారు. ఊళ్లలోనేమో బడి మధ్యలో మానేసిన ఆడవాళ్లు, భర్త పోయి ఆధారం లేనివాళ్లు ఎందరో ఉన్నారు. ఈ రెండు కష్టాల్నీ ఒకదానితో ఒకటి కలిపి తీర్చే ఉపాయం దుర్గాబాయికి అప్పటికే తెలుసు. ఆంధ్ర మహిళా సభలో చేసి చూసిందే. 1958లో సంక్షేమ బోర్డు తరఫున పెద్దవయసు ఆడవాళ్లకి సంక్షిప్త విద్యా కోర్సులు మొదలయ్యాయి. ఏళ్ల తరబడి చదవాల్సిన చదువుని రెండేళ్లలో చెప్పి పరీక్షకి పంపేవారు. దేశం నలుమూలలా ఆడవాళ్లు ఈ కోర్సుల్లో చదివి ఉద్యోగాల్లో చేరారు.

ఇక్కడ ఆవిడ తీరు జాగ్రత్తగా చూడండి. పాపం పల్లెటూరి ఆడవాళ్లు కదా అని పరీక్ష తేలిక చేయలేదు. పరీక్ష అదే, దాన్ని అందుకునే నిచ్చెన వేశారు. నిచ్చెన వేసేవాళ్ల మీద గౌరవం కలుగుతుంది. ఎత్తుకుని పైన కూర్చోబెట్టేవాళ్ల మీద ఆధారపడటం అలవాటవుతుంది.

అదే ఏడాది ఆడపిల్లల చదువు మీద కేంద్ర ప్రభుత్వం వేసిన జాతీయ కమిటీకి ఆవిడ అధ్యక్షురాలు. 1962లో ఢిల్లీలో సామాజిక అభివృద్ధి మండలి స్థాపించారు. 1975లో పద్మవిభూషణ్ వచ్చింది. 1981 మే 9న కన్నుమూశారు. ఆవిడ పోయాక కూడా ఆంధ్ర మహిళా సభ ఆగిపోలేదు. తను లేకపోయినా నడిచేలా పదిమందిని తయారుచేయడమే నాయకురాలి అసలైన పని.

మన సంఘాల్లో చూసుకుందాం

అక్కలారా, చెల్లెమ్మలారా, ఇదంతా పెద్దవాళ్ల సంగతి, మనకెక్కడ కుదురుతుంది అనుకోకండి. దుర్గాబాయి మొదలుపెట్టినప్పుడు ఆవిడ దగ్గర పదవి లేదు, డబ్బు లేదు, వయసు కూడా లేదు. ఉన్నదల్లా ఎదుటి మనిషి మీద నమ్మకం, నేర్పే ఓపిక.

వచ్చే నెల మీటింగులో పొదుపు, కిస్తీలు అయిపోయాక పది నిమిషాలు ఈ నాలుగు విషయాలు మాట్లాడుకోండి.

ఒకటి. మన సంఘంలో మినిట్స్ పుస్తకం రాయగలిగినవాళ్లు ఎంతమంది? ఒక్కరే అయితే, ఇంకో ఇద్దరు ఈ ఏడాదిలో ఎలా నేర్చుకుంటారు?

రెండు. బ్యాంకుకి ప్రతిసారీ అదే ఇద్దరు వెళ్తున్నారా? వాళ్లతో పాటు విడతకొక కొత్త సభ్యురాలిని తీసుకెళ్లడానికి తీర్మానం రాసుకోగలమా?

మూడు. మనం రాసుకున్న నియమాలు లీడర్లకీ, వాళ్ల చుట్టాలకీ కూడా వర్తిస్తున్నాయా? ఎవరి పేరూ ఎత్తకుండా, పోయిన ఏడాది జరిమానాల లెక్క ఒకసారి చదివి చూడండి.

నాలుగు. మీటింగుకి రావడం మానేసిన సభ్యురాలి ఇంటికి వెళ్లినప్పుడు బాకీ సంగతే అడుగుతున్నామా, లేక ఆమెకి ఏ పని అప్పగించవచ్చో కూడా ఆలోచిస్తున్నామా? కాకినాడలో ఆ పన్నెండేళ్ల పిల్ల ఎవరూ పిలవని ఆడవాళ్ల ఇళ్లకి వెళ్లి చేసింది ఇదే.

లీడర్లు మారే సమయం దగ్గరపడిన సంఘాలు ఇంకో మాట గుర్తుపెట్టుకోండి. పాత లీడరు దిగిపోయాక కొత్త లీడరు మొదటి నెల నుంచే పని చేయగలిగితే, ఆ గొప్ప కొత్త లీడరుది మాత్రమే కాదు. పాత లీడరు నేర్పిందన్నమాట. అలా నేర్పి దిగిన లీడర్ల పేర్లు వచ్చే ఏడాది నివేదిక కోసం గ్రామ సంఘాల ద్వారా మాకు రాసి పంపండి.